చంపనంత మందు

మందుల షీటును కత్తిరించడంలో ఆమె భర్తది అందెవేసిన చెయ్యి. ఇరవై రెండేళ్ళుగా వీధి మలుపులో మందుల షాపు నడుపుతున్న మనిషి మరి. ఎదుటివాళ్ళతో కబుర్లాడుతూ, కళ్ళు అటు తిప్పకుండానే, పది మాత్రల షీటులోంచి రెండింటిని కత్తెరతో తీసి వాళ్ళ చేతిలో పెడతాడు. "రెండు చాలు. రేపటికి నొప్పి సంగతే మర్చిపోతారు" అంటాడు. ఆ మాటంటే వీధిలో అందరికీ గురి. డాక్టరు ఐదు రోజులు మింగమంటాడు, ఈయన రెండింటితో సరిపెట్టేస్తాడు. ఇద్దరిలో ఎవరు మంచివాళ్ళో వేరే చెప్పాలా?

ఆ ఉదయం అలాంటివే రెండు యాంటీబయాటిక్ మాత్రలు భోజనాల బల్ల మీద, చల్లారిపోయిన ఆమె టీ పక్కన ఉన్నాయి. ఆమె పొయ్యి దగ్గర నిలబడి కుడిచేత్తో కూర కలుపుతోంది, ఎడమచేత్తో నడుం పట్టుకుంది. మూడు రోజులుగా ఒంటికి వెళ్ళినప్పుడల్లా మంట. నిన్నటి నుంచి వీపులో కుడివైపు సలుపు కూడా తోడైంది. ఈ ఏడాదిలో ఇది ఐదోసారి.

"మళ్ళీనా?" అన్నాడాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "నీళ్ళు తాగమంటే వినవు కదా. ఇంద, మింగెయ్. క్యారియర్ అయిందా?"

అయింది. ఆయన క్యారియర్ అయింది, అత్తగారి మధ్యాహ్న భోజనం అయింది, సాయంత్రానికి కూరలు తరిగిపెట్టడం కూడా అయింది. ఆమె టీ తాగడం ఒక్కటే కాలేదు. హాల్లో కుర్చీలోంచి అత్తగారు, "మా రోజుల్లో ఇలాంటివి ఎవరికైనా చెప్పుకున్నామా అమ్మాయ్? పని చేసుకుంటూ పోతే అవే తగ్గేవి" అన్నారు. ఆవిడకు ఆ మాట అనడం ఒక అలవాటు, తలుపు వేసి ఉందో లేదో చూసుకోవడం లాగా.

ఆమె మాత్రలు మింగింది. ఈసారివి గులాబీ రంగువి. పోయినసారి తెల్లవి, అంతకుముందు పసుపుపచ్చ గొట్టం మాత్రలు. షాపులో షీట్లు కత్తిరించగా మిగిలిపోయిన తునకలు, గడువు దగ్గరపడినవి, అన్నీ ఇంట్లో ఒక పాత బిస్కెట్ల డబ్బాలోకి చేరతాయి. అందులో చెయ్యి పెట్టినప్పుడు ఏది తగిలితే అది ఆమె వంతు.

ఇందులో విడ్డూరం ఏమిటంటే, ఆ రెండు మాత్రలు ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తాయో ఆ వీధి మొత్తానికి సరిగ్గా తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

ఊరి మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రంలో ఒక పరీక్షల గది ఉంది. పద్నాలుగేళ్ళుగా ఆమె అందులో టెక్నీషియన్. కిటికీ పక్క బల్ల మీద ఇప్పుడు పది గాజు జాడీలు ఉన్నాయి. అన్నింట్లోనూ ఒకే మురుగు, అందులోని బ్యాక్టీరియాకి ఒకే మేత. ఐదింట్లో మందు లేదు. మిగతా ఐదింట్లో యాంటీబయాటిక్ ఉంది, కానీ బ్యాక్టీరియాను చంపేంత కాదు, అందులో వందో వంతు. ఆసుపత్రుల నుంచి, ఇళ్ళ నుంచి, కోళ్ళఫారాల నుంచి కాలవల్లోకి దిగి నీళ్ళలో కలిసిపోయే మందు కూడా అలా కొద్దికొద్దిగానే ఉంటుంది కాబట్టి, అది ఏం చేస్తుందో చూడాలని ఈ ఏర్పాటు. రోజూ ఉదయం ఒక్కో జాడీలోంచి చెంచాడు తీసి కొత్త మేతలో వెయ్యాలి. దీనికి ఆదివారాలు, సెలవులు అంటూ ఏమీ లేవు. ఆదివారం కూడా ఆమె వంట ముగించుకుని పరుగున వెళ్ళివస్తే, ఆమె భర్త ఇంటికొచ్చిన చుట్టాలతో అంటాడు: "మా ఇంట్లో పిల్లలు లేరు గానీ, మా ఆవిడకి ల్యాబులో కోట్లమంది ఉన్నారండీ. వెళ్ళి పాలు పట్టి రావద్దూ మరి?" చుట్టాలు నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతూనే టీ పట్టుకొస్తుంది. ఏళ్ళ తరబడి ఆ మాట అదే, ఆ నవ్వూ అదే.

ఇక ఆఫీసు సంగతి. అక్కడ ఆడవాళ్ళ మరుగుదొడ్డికి ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది. "వెయ్యకపోతే అందరూ పాడుచేస్తారు" అని స్టోరు గుమస్తా వాదన. అందరూ అంటే ఎంతమంది? ఆమె, పరిశోధన కోసం వచ్చిన ఒక అమ్మాయి. అంతే. తాళంచెవి గుమస్తా సొరుగులో ఉంటుంది. వెళ్ళి అడగాలి. ఆయన ఫోను మాట్లాడటం అయ్యేదాకా నిలబడాలి. అప్పుడాయన గోడగడియారం వైపు ఓసారి చూసి, పక్కనున్న నలుగురు మగవాళ్ళకీ వినపడేలా, "పొద్దున్నేగా తీసుకున్నారు మేడమ్?" అంటాడు. అని, తాళంచెవి ఇచ్చేస్తాడు. ఇవ్వనని ఏనాడూ అనలేదు. ఆ ఒక్క మాట పడలేక ఆమె నీళ్ళు తాగడం తగ్గించింది. ఉదయం ఇంట్లో వెళ్తే, మళ్ళీ సాయంత్రం ఇంటికొచ్చాకే. ఊరందరి మురుగూ చేరే చోట ఉద్యోగం చేస్తున్న మనిషికి, తన ఒంట్లో నీళ్ళు వదులుకోవడానికి చోటు లేదు.

మొదటిసారి మంట వచ్చినప్పుడు ఆమె భర్తకు చెప్పకపోలేదు. "రెండు వేసుకుని ఆపకూడదండీ, బ్యాక్టీరియా చావదు, రాటుదేలుతుంది" అంది. ఆయన నవ్వేశాడు. "నువ్వు చూసేది మురుగు, నేను చూసేది మనుషుల్ని" అన్నాడు. రెండు రోజులకి నిజంగానే మంట తగ్గింది కూడా. రెండోసారి చెప్పబోతే, "మొదలెట్టావా క్లాసు" అన్నాడు. మూడోసారి ఆమె నోరెత్తలేదు. వాదించడానికి కావలసినంత ఓపిక మింగడానికి అక్కర్లేదు. తెలియక చేసిన తప్పయితే ఆమె తనని తాను క్షమించుకునేది. ఇది తెలిసి చేసింది. బయటి వాళ్ళెవరి మీదా రానంత కోపం ఆమెకు తన మీద వచ్చేది.

ఆ రోజు ఆమె ఆఫీసుకు వెళ్ళేసరికి పరిశోధన చేసే అమ్మాయి బిక్కమొహం వేసుకుని కూర్చుంది.

"అక్కా, నేనెక్కడో తప్పు చేశాను. మందున్న జాడీల్లోనూ, లేని జాడీల్లోనూ బ్యాక్టీరియా లెక్క ఒకేలా వస్తోంది. ఇన్ని వారాలు మందు వేసి ఏం లాభం? తేడానే లేదు."

"లెక్క అలాగే ఉంటుందమ్మా. ఎన్ని ఉన్నాయో కాదు, ఎవరెవరున్నారో చూడు."

ఇద్దరూ కూర్చుని చూశారు. మందు లేని జాడీలో నలభైకి పైగా రకాలు. మందున్న జాడీలో పన్నెండు. సుకుమారమైనవి ముందు పోయాయి. వాటి చోట్లన్నీ మొండివి ఆక్రమించుకున్నాయి. కాబట్టి లెక్క మాత్రం తగ్గలేదు. పైగా, మందుని తట్టుకునే విద్య ఏదో ఆ మొండివాటి దగ్గరుంటే, అవి దాన్ని పక్కనున్నవాటికి కూడా అందించేశాయి, తమ జాతి కాని వాటికి సైతం.

"చంపేంత మందు వేసి ఉంటే?" అంది అమ్మాయి.

"చాలా మటుకు చచ్చేవి. నేర్చుకోవడానికి, నేర్పడానికి వ్యవధి దొరికేది కాదు. ఈ మందు చంపదు. రోజూ కాస్త ఇబ్బంది పెడుతుంది, అంతే. అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయనిపిస్తుంది."

ఆ మాట అన్నాక ఆమె చాలాసేపు ఏ పనీ చెయ్యలేకపోయింది. కిటికీ అవతల పెద్ద తొట్లలో మురుగు నెమ్మదిగా తిరుగుతోంది. తనలో ఒకప్పుడు ఎంతమంది ఉండేవాళ్ళని ఆలోచించింది. బస్సులో అందరూ వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా నవ్వే పిల్ల ఒకతి ఉండేది. స్నానం చేస్తూ శ్రుతి లేకుండా పాడేది ఒకతి. పరీక్షలో మార్కు తప్పు వేశారని మాస్టారితో పోట్లాడి గెలిచినది ఒకతి. మధ్యాహ్నం గుండెల మీద పుస్తకం పెట్టుకుని నిద్రపోయేది, ఆకలేస్తే ఆకలేస్తోందని చెప్పి అందరికంటే ముందు కంచం పెట్టుకునేది, నచ్చని మనిషి ఇంటికొస్తే గదిలోంచి బయటికి రానిది. వాళ్ళంతా ఎప్పుడు పోయారు? ఫలానా రోజున, ఫలానా గొడవలో అని చెప్పడానికి ఆమె దగ్గర ఒక్క తేదీ లేదు. ఎవరూ చంపలేదు. "మొదలెట్టావా క్లాసు" దగ్గర ఒకతి, "పొద్దున్నేగా తీసుకున్నారు" దగ్గర ఒకతి, "కోట్లమంది పిల్లలు" దగ్గర మరొకతి, చడీచప్పుడూ లేకుండా తప్పుకున్నారు. ఇప్పుడున్నది సరే అనేది, క్యారియర్ కట్టేది, నవ్వాల్సిన చోట నవ్వేది. బయటినుంచి లెక్కపెట్టేవాళ్ళకి ఏమీ తగ్గలేదు. మనిషి మనిషిలాగే ఉంది. పైగా మెచ్చుకుంటారు కూడా, ఆవిడకి ఎంత ఓర్పండీ అని. అది ఓర్పు కాదని, సుకుమారమైనవన్నీ పోగా మిగిలిన మొండితనమని ఆమెకు ఆ మధ్యాహ్నం తెలిసింది. తెలిసి, ఏడవడానికి కూడా తాళంచెవి అడగాల్సిన చోట ఉన్నానని గుర్తొచ్చి ఊరుకుంది.

మూడింటికి చలి మొదలైంది. పళ్ళు టకటకలాడుతుంటే ఆమె ఒక పని చేసింది. పద్నాలుగేళ్ళలో ఎన్నడూ చెయ్యని పని. ఖాళీ సీసా ఒకటి తీసుకుని, గుమస్తా దగ్గరికెళ్ళి తాళంచెవి అడిగింది. తన మూత్రం నమూనాను తానే బ్యాక్టీరియా పెంచే గాజు పళ్ళెంలో పరిచి, మీద ఎనిమిది రకాల మందులు అద్దిన కాగితం బిళ్ళలు అమర్చి, పళ్ళెం అడుగున పదకొండు అని అంకె వేసింది. జాడీలు పదే కదా.

మర్నాడు ఆమె వచ్చేలోపే అమ్మాయి ఆ పళ్ళెం తీసి వెలుతురుకి పెట్టి చూస్తోంది. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఏమీ మొలవని గుండ్రటి ఖాళీ కనిపించాలి. ఎనిమిదింట్లో ఏడు బిళ్ళల అంచులదాకా బ్యాక్టీరియా దట్టంగా పాకి ఉంది. ఒక్క బిళ్ళ చుట్టూ మాత్రం ఖాళీ ఉంది.

"బాబోయ్! ఏ జాడీదక్కా ఇది? ఇంత మొండిది మన దగ్గర లేదే!"

"జాడీది కాదమ్మా" అని, ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది. "నాది."

ఆసుపత్రిలో డాక్టరమ్మ తన పరీక్షలు తాను చేయించింది. జవాబు అదే వచ్చింది. "కిడ్నీ దాకా పాకింది. పనిచేసే మందు ఒక్కటే ఉంది. పది రోజులు, రోజుకు మూడుసార్లు నరంలోకి ఎక్కించాలి, ఇక్కడే ఉండాలి. మధ్యలో ఆపి మళ్ళీ తెచ్చుకున్నారంటే, అప్పుడు వాడటానికి నా దగ్గర ఇంకేమీ ఉండదు" అంది. ఆ చివరి వాక్యం ఆమె ఇంటిదాకా మోసుకొచ్చింది గానీ, అక్కడ దించుకోవడానికి చోటు దొరకలేదు.

"పది రోజులే!" అన్నారు అత్తగారు. "మరి వంట?"

"పెద్ద డాక్టర్లంతా ఇలాగే భయపెడతార్లే అమ్మా" అన్నాడు ఆమె భర్త. "మూడు రోజులుండి రానీ. మిగతాది నేను చూసుకుంటాగా."

ఆయన మంచివాడు కాదని ఎవరూ అనలేరు. ఆటో మాట్లాడి ఎక్కించాడు, సంచీ పక్కన సర్దాడు, జాగ్రత్త అని చెప్పాడు. షాపు మూసి రావడం మాత్రం కుదరలేదు.

మొదటి రెండు రోజులు జ్వరంతో ఆమె ఒళ్ళు కాలిపోయింది. ఫోను మాత్రం మోగుతూనే ఉంది. పెద్ద గరిటె ఎక్కడ పెట్టావు? గ్యాస్ వాడికి ఏ నంబరుకి చెయ్యాలి? నా గళ్ళ చొక్కా ఇస్త్రీ నుంచి వచ్చిందా? చేతికి సూదితో, పొడిబారిన నోటితో ఆమె అన్నింటికీ జవాబు చెప్పింది. గరిటె సింకు కింద ఉంది. నంబరు క్యాలెండరు వెనక రాసి ఉంది. చొక్కా బీరువాలో రెండో అరలో ఉంది. సాయంత్రాలు నాలుగింటికి చూసేవాళ్ళని లోపలికి వదులుతారు. మిగతా మంచాల చుట్టూ మనుషులు మూగేవాళ్ళు. ఆమె కళ్ళు తెలియకుండానే గుమ్మం వైపు పోయేవి, ఎవరో ఒకరు వస్తారని కాదు, రారని రూఢి చేసుకోవడానికి. రెండో రోజు సాయంత్రం గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది. తనకి గరిటె జాడ తెలుసు కాబట్టి ఆ ఇంటికి తను కావాలి. ఇంకెందుకైనా కావాలేమోనని ఎంత వెతికినా ఆమెకు కనిపించలేదు.

నాలుగో రోజు జ్వరం లేదు. మంట లేదు. సరిగ్గా ఆ రోజే ఆయన ఖాళీ సంచీతో వచ్చాడు.

"చూశావా, నే చెప్పలా? మొహంలో కళ వచ్చేసింది. పద. మిగిలిన రోజులకి మాత్రలు నేనిస్తాను." సిస్టర్ దగ్గర కాగితం తీసుకుని, వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్తున్నామని ఉన్నచోట సంతకం కూడా పెట్టేశాడు.

"మీరు కాదండీ, పేషెంటు పెట్టాలి" అంది సిస్టర్.

ఆయన పెన్ను ఆమె వైపు చాచాడు. అదొక వింత ఘడియ. నిజంగానే బాగుంది ఆమెకు. బాగున్నప్పుడే ఆపడం కదా ఇన్నిసార్లూ జరిగింది. పెన్ను అందుకుని సంతకం చేస్తే ఇంట్లో అందరూ సంతోషిస్తారు, ఆరు రోజుల తర్వాతో, ఆరు వారాల తర్వాతో మంట మళ్ళీ వస్తుంది, అప్పటికి ఏ బిళ్ళ చుట్టూ ఖాళీ ఉండదు.

"ఇంకా ఆరు రోజులున్నాయండీ."

"మందుల సంగతి నాకు తెలీదా?"

"మీకు తెలీదు" అంది ఆమె.

ఆయన సిస్టర్ వైపు తిరిగి నవ్వాడు. "జ్వరం ఒంట్లోంచి దిగి తలకెక్కినట్టుంది మా ఆవిడకి" అన్నాడు. సిస్టర్ నవ్వలేదు. కాగితం వెనక్కి తీసుకుంది. ఆయన ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఫోను మోగలేదు. ఐదో రోజు లేదు, ఆరో రోజు లేదు. అంతవరకూ గరిటె కోసమైనా ఎవరో ఒకరు పిలిచేవాళ్ళు. ఇప్పుడు అది కూడా లేదు. ఇంత ఒంటరితనం ఆమె ఎన్నడూ ఎరగదు. చెవుల్లో హోరులా ఉండేది. సెలైను చుక్కలు లెక్కపెట్టేది, మానేసేది. కిటికీలోంచి ఎదుటి మేడ మీద ఎవరో బట్టలు ఆరేస్తుంటే, తీసేదాకా చూసేది. ఆసుపత్రి అన్నం వేడిగా వస్తే వేడిగానే తినేది. ఎవరికీ వడ్డించక్కర్లేదని ఐదో రోజు చెయ్యి కాసేపు ఆగింది, ఆరో రోజు ఆగలేదు.

ఏడో రోజున అమ్మాయి ఫోను చేసింది. "అక్కా, ఇవాళ తాళంచెవి తీసుకున్నాను. గుమస్తా పొద్దున్నేగా తీసుకున్నావు అన్నాడు. అవును సార్, ఇది మధ్యాహ్నం అన్నాను. నేను దాన్ని తిరిగి ఇవ్వలేదు. అడిగితే, మీకెందుకు సార్, మీరు వెళ్తారా అందులోకి అన్నాను."

ఆమె నవ్వింది. ఎంత గట్టిగా నవ్విందంటే చేతి సూది కదిలి నొప్పెట్టింది, పక్క మంచం ముసలావిడ లేచి కూర్చుంది, సిస్టర్ తలుపులోంచి తొంగి చూసి ఏమైందమ్మా అంది. ఆ నవ్వు విని అందరికంటే ఎక్కువ ఉలిక్కిపడింది ఆమే. ఈ గొంతు ఎవరిది? ఇది ఇంకా ఉందా?

ఫోను పెట్టాక ఆమెకు జాడీలు గుర్తొచ్చాయి. జాడీల్లో మందు వెయ్యడం ఆపేస్తే పోయినవి తిరిగి వస్తాయా అని ఒకసారి తన పైఅధికారిని అడిగింది. ఆయన మీటింగుల్లో "మా టెక్నీషియన్ చేతులు చాలా శుభ్రమైనవి" అని ఆమెను పొగుడుతుంటాడు, ఆ చేతులు చేసిన పనికి తన పేరు రాసుకుంటాడు. "అది మన ప్రాజెక్టులో లేదమ్మా. అయిపోయాక జాడీలు కడిగెయ్" అన్నాడు. ఇప్పుడు మళ్ళీ ఫోను తీసి అమ్మాయికి చేసింది.

"మందున్న జాడీల్లో ఒకదాన్ని పారబొయ్యకు. రేపటి నుంచి దాన్ని మందు లేని నీళ్ళకి మార్చు. రోజూ మార్చు."

"పోయినవి తిరిగొస్తాయా అక్కా?"

"తెలీదమ్మా. అన్నీ రాకపోవచ్చు. ఎన్నాళ్ళు పడుతుందో కూడా తెలీదు. అదే నీళ్ళలో ఉంచితే మాత్రం రావు." ఆ వెంటనే అడిగింది. "మీ హాస్టల్లో గదులు ఖాళీ ఉన్నాయా?"

పదో రోజు ఉదయం ఆఖరి సీసా ఎక్కించి సిస్టర్ సూది తీసేసింది. డాక్టరమ్మ రిపోర్టు చూసి, ఏమీ లేదు, పూర్తిగా పోయింది అంది. ఈసారి ఆయన షాపు ఒక పూట మూసి వచ్చాడు. కింద ఆటో ఆపి ఉంచాడు. ఆమె సంచీ తన చేతిలోకి తీసుకోబోతే ఆమె ఇవ్వలేదు.

"నేను ఇంటికి రావడం లేదండీ. ఆఫీసు పక్కన హాస్టల్లో గది తీసుకున్నాను."

"ఎన్నాళ్ళు?"

"తెలీదు."

ఆయన అక్కడే, మందుల వాసన వేసే ఆ వరండాలో, బెంచీ మీద కూలబడ్డాడు. ఆయన మొహం చూస్తే ఆమెకు నిజంగానే జాలేసింది. ఆ మనిషికి ఏమీ అర్థం కావడం లేదు, నటించడమూ లేదు.

"నేనేం చేశానని?" అన్నాడు. "తాగొచ్చానా? ఒక్కనాడైనా చెయ్యి చేసుకున్నానా? ఇన్నేళ్ళలో నిన్నొక్క పెద్ద మాటైనా అన్నానా, చెప్పు?"

ఆమె న్యాయంగా ఆలోచించింది. పెళ్ళయిన రోజు నుంచి నిన్నటిదాకా ఒక్కో ఏడాదీ తిరగేసి చూసింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

"అనలేదండీ" అంది. "అని ఉంటే ఎప్పుడో వెళ్ళిపోయేదాన్ని."